పై వరసలో చివరి రాయి

ఒహాయోలో ఆ పిచ్చాసుపత్రి వెనక రాతి మెట్ల రంగస్థలం ఉంది చూశారూ, పొద్దు వాలాక దాని పై వరసలో ఎవరూ కూర్చోరు. కూర్చుంటే చెవిలో ఎవరో మాట్లాడతారట. పక్కన మనిషుండడు... మాట మాత్రం ఉంటుంది. రోగులే రాళ్లు మోసి కట్టిన చోటది. ఎవరి ఉసురో అంటారు ఊళ్లోవాళ్లు.

హార్లన్‌కి ఆ చోటు చిన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్లమ్మ ఆ ఆసుపత్రిలోనే ఉండేది. పిల్లల్ని వార్డులోకి రానిచ్చేవారు కాదు. అందుకని ఆదివారాలు నాన్న అతన్ని పై వరసలో చివరి రాయి మీద కూర్చోబెట్టేవాడు. కింద వేదిక మీద అమ్మ ఆగ్నెస్. అక్కడ నుంచుని గుసగుసలాడినా ఆ రాయి దగ్గర స్పష్టంగా వినపడుతుంది — ఆ కట్టడంలో ఉన్న తమాషా అది.

"పై గుండీ పెట్టుకోరా, చలి," అనేది అమ్మ.

"పెట్టుకున్నానమ్మా," అనేవాడు వీడు.

పదకొండో ఏట బళ్లో ఎవడో "పిచ్చిదాని కొడుకు" అన్నాడు. అంతే, రావడం మానేశాడు. నలభై మూడేళ్లు! మార్చిలో అమ్మ పోతే, నవంబరులో ఆమె పెట్టె తీసుకెళ్లడానికి వచ్చాడు. సిగ్గుతో చితికిపోతూ వచ్చాడు.

"మీ అమ్మగారు రోజూ సాయంత్రం ఆ వేదిక మీదికి వెళ్లి 'పై గుండీ పెట్టుకోరా' అని చెప్పేవారండీ," అంది నర్సు లొరేటా. "ఇప్పుడు పక్క మంచం వెర్నా చెబుతోంది. పోయేముందు ఒట్టేయించుకున్నారట. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు."

వెర్నా గొంతుకైనా సరే, ఒక్కసారి జవాబు చెప్పి పోదామనుకున్నాడు హార్లన్. మెట్లెక్కి తన రాయి మీద కూర్చున్నాడు. కింద వేదిక మంచులో కనబడటం లేదు.

కాసేపటికి, చెవి పక్కనే —

"పై గుండీ పెట్టుకోరా... చలి."

జవాబు సంగతే మరిచిపోయాడు. వెర్నా చేతులు పట్టుకుని ఏడ్వాలని గబగబా దిగాడు.

వేదిక మీద ఎవరూ లేరు.

ఆసుపత్రి వైపు నుంచి చేతికర్ర చప్పుడు. లొరేటా భుజం పట్టుకుని, ఆయాసపడుతూ వస్తోంది ఒక ముసలావిడ.

"ఆగ్నెస్ కొడుకువా నువ్వు? సూపు వేడిగా ఉందని కూర్చుండిపోయా, ఆలస్యమైంది. వెళ్లి నీ రాయి మీద కూర్చో నాయనా," అంది వెర్నా. "నేనింకా చెప్పనేలేదు."

హార్లన్ ఆ ఖాళీ వేదిక వంక చూశాడు. మళ్లీ మెట్లెక్కాడు. రాయి మీద కూర్చుని, పై గుండీ పెట్టుకున్నాడు.

"పెట్టుకున్నానమ్మా," అన్నాడు గుసగుసగా.