ఏడో టేకు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు. కానీ బయట కటిక చీకటి! కాటుకకొండల్లాంటి మేఘాలు సూర్యబింబాన్ని మింగేశాయి. ఫెళఫెళమని పిడుగు పడింది... పగటిపూటే ఒక గుడ్లగూబ రికార్డింగ్ స్టూడియో కిటికీ మీద వాలి, లోపలికి కన్నార్పకుండా చూస్తోంది.

ఆ రాక్ బ్యాండు కొత్త ఆల్బమ్‌లో అన్నిటికంటే ముందు విడుదల కావలసిన పాట అది. గిటార్లవాళ్లు తమ వంతు ముగించి వెళ్లిపోయారు. మిగిలింది గాయని, డ్రమ్స్ వాయించే ఆమె అన్న, సౌండు మాస్టారు.

ఆరు టేకులు అయ్యాయి. ఒక్కో టేకుకూ చెల్లెలు చిక్కి శల్యమవుతోంది. ఈ ఉదయం ఆమె పెదవులు కదిలాయే తప్ప మాట రాలేదు. మైకు ముందు నిలబడితే మాత్రం కంఠం ఖంగుమంటోంది... అయితే ఆ కంఠం ఆమెది కాదు! అన్న ఆ మాటే వెళ్లిపోతున్న గిటారిస్టుతో అంటే, ఐస్‌క్రీములు తగ్గించమని చెప్పు, అని కొట్టిపారేశాడు.

ఊడిన వైరు సరిచేద్దామని అన్న మిక్సింగ్ బల్ల కిందికి వంగాడు. ఎర్రగుడ్డ మీద కపాలం! దవడలకు బిగించిన నల్లదారం. నుదుట నెత్తుటితో గీసిన ఆరు గీతలు.

మాస్టారు నింపాదిగా తలుపు గొళ్లెం పెట్టాడు. ఏమీ దాచలేదు. అది పదేళ్ల కిందట ఇదే గదిలో పాడిన గాయని కపాలమట. పాట సగంలో ఉండగా తానే గొంతు నులిమాడట. సగంలో ఆగిన పాట ఆత్మను కదలనివ్వదట. ఏడో టేకుతో ఆ ప్రేతం ఈ పిల్ల దేహంలో శాశ్వతంగా బందీ అవుతుంది. పాట విన్నవాళ్లంతా తనకు వశమవుతారు.

"తాళం ఆగిందో, నీ చెల్లెలు నెత్తురు కక్కుకుని చస్తుంది. నోరు మూసుకుని వాయించు."

అన్న వాయించాడు. దెబ్బ పడినప్పుడల్లా అద్దం అవతల మైకు ముందున్న చెల్లెలి వీపు కొరడా తగిలినట్టు వంకర తిరుగుతోంది. అప్పుడు తెలిసింది... ప్రేతాన్ని కట్టి ఉంచుతున్న సంకెల ఈ తాళమే! కానీ వాడు చెప్పింది నిజమైతే? ఆపితే చెల్లెలు దక్కకపోతే?

చెల్లెలు అతికష్టం మీద తల తిప్పింది. ఆపమన్నట్టు కళ్లు మూసింది.

అతడు పుల్లలు వదిలేశాడు.

భయంకర నిశ్శబ్దం... నల్లదారం పటుక్కున తెగింది. అద్దం భళ్లున పగిలింది! మాస్టారు మంత్రం అందుకోబోయాడు, గొంతు పెగల్లేదు. కనిపించని చేతులు అతడి కంఠాన్ని బిగించి గాలిలోకి లేపాయి. గిలగిల కొట్టుకుని, కాలిన మొద్దులా నల్లబడి కూలిపోయాడు.

చెల్లెలి దేహం అన్నవైపు తిరిగింది. అతడి పై ప్రాణాలు పైనే పోయాయి.

"నా పాట వాడు సగంలో ఆపేశాడు," అంది పరాయి గొంతు. "మిగతాది పాడుకుంటాను. వాయిస్తావా?"

అతడు పుల్లలు ఏరుకున్నాడు. ఈసారి మెల్లగా, పసిబిడ్డను జోకొట్టినట్టు వాయించాడు. ఆమె చివరి చరణం పాడింది. ఆఖరి మాటతో కపాలం పిడికెడు బూడిదైంది. చెల్లెలు కుప్పకూలింది.

చాలాసేపటికి ఆమె కళ్లు తెరిచింది.

"అన్నయ్యా... కాసిని మంచినీళ్లు."

బొంగురుగా, పీలగా ఉంది. అయినా అది చెల్లెలి గొంతే. అతడు లేచి నీళ్లసీసా అందుకున్నాడు.