కొత్త ట్యాంకు వద్దు

మాస్టారి బండికి పెట్రోలు ట్యాంకు మళ్ళీ కారింది. తండ్రి వాడి వదిలిన పాత మోటారు సైకిలు అది. ఇంకొకరైతే తల పట్టుకునేవారు. ట్యూషన్లు చెప్పుకునే మన కుర్ర మాస్టారు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెల్డింగు షాపుకి బయల్దేరాడు. ఆ షాపు నడిపే అమ్మాయంటే అతనికి ఎంత ఇష్టమో, ఆ మాట చెప్పాలంటే అంత భయం.

"మళ్ళీనా మాస్టారూ?" అంది ఆమె నవ్వాపుకుంటూ. ట్యాంకు ఊడదీసి, పెట్రోలు వంచేసి, అడుగున వేలితో తట్టి చూసింది. నవ్వు పోయింది.

"రేకు బాగా పల్చబడింది. ఈసారికి అతుకేస్తాను గానీ, ఇంకొక్క చోట తుప్పు కనబడినా అతుకు వెయ్యను. కొత్తది కొనుక్కోండి."

అతని గుండెల్లో రాయి పడింది. కొత్త ట్యాంకు కారదు. కారకపోతే ఇక్కడికి రావడానికి సాకేదీ?

ఆమె ట్యాంకు నిండా నీళ్లు పోసి, చేతి తొడుగుల కోసం లోపలికెళ్ళింది. అతనికి కాలూ చెయ్యీ ఆడలేదు. ఈ తడికి తుప్పు ఇంకా ముదిరితే? గబగబా నీళ్లన్నీ పారబోసి, ట్యాంకుని మళ్ళీ బల్ల మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు.

ఆమె తిరిగొచ్చి గ్యాసు తిప్పింది.

"అవునండీ, ఇందాక నీళ్లెందుకు పోశారు?" మాట కలిపాడు.

"లోపల పెట్రోలు ఆవిరి ఉంటుంది కదా! నీళ్లు లేకుండా మంట పెడితే ట్యాంకు పేలిపోతుంది," అంటూ లైటరు అందుకుంది.

"వద్దు!" అతను ఆమె చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేశాడు. "నీళ్లు... నేనే పారబోశాను."

ఆమె ముఖం పాలిపోయింది. ముందు రెండో చేత్తో గ్యాసు కట్టేసింది. "మతి పోయిందా మీకు? ఇద్దరం పోయేవాళ్లం! ఎందుకు చేశారా పని?"

"తుప్పు పెరిగితే కొత్తది వేసుకోమంటారని. కొత్తదైతే మిమ్మల్ని చూడ్డానికి రాలేనని." "ఇంక అతుకులొద్దండీ. కొత్తదే వేసేయండి. మీకేమైనా అయితే నేను తట్టుకోలేను."

పట్టుకున్న చెయ్యి ఇంకా వదల్లేదని అప్పుడు గమనించాడు. ఆమె కూడా వెనక్కి తీసుకోలేదు.

"కొత్తదే వేస్తాను," అంది తల దించుకుని. "ఆదివారం మీ అమ్మగారిని వెనకాల కూర్చోబెట్టుకుని మా ఇంటికి రండి. మా నాన్నతో పెద్దవాళ్ళే మాట్లాడాలి కదా. కారే బండి మీద ఆవిడెలా వస్తారు?"