జమ్ముకాలవ వంతెన దగ్గర నిట్టూర్పు

జమ్ముకాలవ వంతెన మీద చీకటి పడ్డాక ఎవరూ ఆగరు. ఆగాల్సి వస్తే మాట్లాడరు. మాట్లాడాల్సి వస్తే వెనక్కి తిరిగి చూడరు.

కొల్లేటి ఒడ్డున ఉన్న మా ఊళ్ళ నుంచి ఏలూరు వెళ్ళే మట్టిరోడ్డులో, దాదాపు సగం దూరంలో ఉంటుంది ఆ వంతెన. రెండు పక్కలా మనిషెత్తు జమ్ముగడ్డి. వంతెన కట్టక ముందు అక్కడ పడవ మీదే దాటేవారు. ఆ రోజుల్లో ఎవరో ఒకావిడ నొప్పులు పడుతుంటే ఏలూరు ఆసుపత్రికి పడవలో తీసుకెళ్తున్నారట. చీకట్లో పడవ జమ్ములో చిక్కుకుంది. తెల్లారాక పడవ కదిలింది గాని… ఆవిడ కదల్లేదు.

అప్పటినుంచీ అక్కడ నిట్టూర్పు వినిపిస్తుందని చెప్పుకునేవారు. ఒక్కటే నిట్టూర్పు… పొడుగ్గా, బరువుగా. బండెడ్లు కూడా అక్కడికి వచ్చేసరికి ఆగిపోయేవి. గడ్డి బాగుంటుంది కాబట్టి ఆగేవని కొందరంటారు. వాళ్ళెవరూ ఆ రోడ్డున రాత్రిపూట బండి తోలినవాళ్ళు కారు.

నేను ఈ సంగతి ఇద్దరి నోట విన్నాను. ఒకరు ఏలూరు పవర్‌పేటలో మోటారు షెడ్డు నడిపిన గౌస్. రెండోవారు మా ఊరి సోమరాజుగారి మేనత్త నాంచారమ్మగారు. ఇద్దరూ ఒకేలా చెప్పారు. కాబట్టి నేనూ అలాగే చెబుతాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

మొదటి ఎలక్షన్లు అయిన మరుసటేడు సోమరాజుగారు తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లాయన దగ్గర పాత ఇంగ్లీషు కారు కొన్నారు. కొన్న కొత్తలోనే, ఎక్కడో ఒక షెడ్డువాడు అందులోని మంచి డైనమో ఊడదీసుకుని, అరిగిపోయినది బిగించి పంపాడు. ఆ రోజు నుంచీ మెకానిక్ అనే మాట వింటేనే రాజుగారికి ఒళ్ళు మంట.

"నా బండి జబ్బు నాకు తెలీదా? గొంతు వింటే చెప్పేస్తాను" అనేవారు.

బానెట్టు తెరిచి, చేతికర్ర ఒక కొస ఇంజనుకు, ఇంకో కొస తన చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవారు. చుట్టూ జనం ఊపిరి బిగబట్టి చూసేవారు. "రెండో ప్లగ్గు దగ్గుతోంది" అని తేల్చేవారు. ఒక్కోసారి నిజంగానే అదే అయ్యేది. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆ ఏడు వానలు వెనకబట్టాక కారు జమ్ముకాలవ దగ్గర ఆగడం మొదలుపెట్టింది. ఏలూరు వెళ్ళేటప్పుడే ఆగేది. వంతెన దగ్గరికి రాగానే రెండు కుదుపులు కుదిపి, ఊరుకునేది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎక్కడా ఆగకుండా చక్కా వచ్చేది.

"ఆ తల్లి ఏలూరు చేరలేదు కదా పాపం. అందుకే ఏలూరు పోయేవాళ్ళనే ఆపుతోంది" అన్నారు నాంచారమ్మగారు.

"నీ మొహం అత్తా! ఇంజనుకు ఏలూరేమిటి, గూడెమేమిటి?" అన్నారు సోమరాజుగారు.

ఆగిన ప్రతిసారీ ఆయన కిందికి దిగేవారు. ప్లగ్గులు విప్పి తుడిచేవారు. కార్బురేటరు విప్పి ఊదేవారు. ఏమీ లాభం ఉండేది కాదు. ఆఖరికి, పెట్రోలు ఎంత ఉందో చూద్దామని వెనక్కి వెళ్ళి, ట్యాంకులో పుల్ల ముంచబోయేవారు. సరిగ్గా అప్పుడే… చెవి పక్కనే…

హా…

పొడుగ్గా. బరువుగా.

పుల్ల అక్కడే పారేసి, మూత ఎలా బిగించారో తెలియకుండా బిగించి, కారులోకి దూకి స్టార్టరు నొక్కితే ఇంజను వెంటనే అందుకునేది. ఇలా రెండు మూడుసార్లు అయ్యాక రాజుగారు కూడా ఒప్పుకున్నారు. "ఆవిడ నిట్టూర్చి వదిలేస్తే గాని బండి కదలదు" అని ఊళ్ళో చెప్పారు. చెబుతున్నప్పుడు భయం కంటే ఒక రకమైన తృప్తి కనిపించేదట మొహంలో. తప్పు తన రిపేరుది కాదు గదా మరి!

ఈ లోగా ఆయన భార్య సత్యవేణికి నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉందని, కాన్పు ఇంట్లో చెయ్యడానికి వీల్లేదని, తప్పకుండా ఏలూరు ఆసుపత్రికి తీసుకురమ్మని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బస్సు కుదుపులు ఆ మనిషికి పనికిరావు. కారు తప్ప దారి లేదు.

"ఏవండీ, నేను ఆ కారు ఎక్కనండీ" అంది సత్యవేణి. "ఎక్కాలంటే, మీరు గాక ఇంకో తెలిసినాయన అందులో ఉండాలి."

"నా కంటే తెలిసినవాడెవడే?"

"అదే కదండీ నా భయం."

ఆవిడ అన్నగారి లారీ గౌస్ షెడ్డులోనే బాగుచేయించేవారు. బండికి ఏమీ లేకపోతే ఏమీ లేదని చెప్పి పంపేస్తాడని గౌస్‌కు పేరు. పెళ్ళాం పోరు పడలేక రాజుగారు కారు తీసుకుని ఏలూరు వెళ్ళారు. షెడ్డులో బల్ల వేసుకుని ఎదురుగా కూర్చున్నారు. గౌస్ ఏ పనిముట్టు తీసినా, ఏది విప్పినా కళ్ళార్పకుండా చూశారు.

"ట్యాంకు జోలికి మాత్రం వెళ్ళకండి. దానికి నేను బందోబస్తు చేసి పెట్టాను" అన్నారు. పెట్రోలు వంచేసుకుంటాడని అనుమానం.

"అలాగేనండీ" అన్నాడు గౌస్. అన్నీ చూశాడు. పవర్‌పేట చుట్టూ ఒక తిప్పు తిప్పి తెచ్చాడు. "రాజుగారూ, మీ బండికి ఏమీ లేదండీ."

"ఏమీ లేకపోతే ఎందుకు ఆగుతోందయ్యా?"

"ఎక్కడ ఆగుతోందండీ?"

"జమ్ముకాలవ దగ్గర."

గౌస్ చేతిలోని స్పానరు మెల్లగా కింద పెట్టేశాడు.

"అది… మా షెడ్డులో అయ్యే పని కాదండీ" అన్నాడు గొంతు తగ్గించి. కూలి కూడా పుచ్చుకోలేదు.

సోమరాజుగారు ఉత్సాహంగా ఇంటికొచ్చారు. "చూశావా? నీ తెలిసినాయన కూడా దెయ్యమే అన్నాడు!"

"కూలి పుచ్చుకోలేదా?" అంది సత్యవేణి.

"లేదు."

"అయితే ఆయన్నే పిలిపించండి."

పొద్దున్నే, వెలుగుండగానే వంతెన దాటించాలని మాట అనుకుని, ముందురోజే గౌస్‌ను రమ్మని కబురు పెట్టారు. ఆయన సాయంత్రం బస్సు దిగే వేళకే సత్యవేణికి నొప్పులు మొదలయ్యాయి.

"పగలే అన్నారు గదండీ…" అన్నాడు గౌస్.

"బిడ్డకు చెప్పు ఆ మాట" అన్నారు నాంచారమ్మగారు.

రాజుగారు డబ్బా తెచ్చి ట్యాంకు నిండా పెట్రోలు పోశారు. దీపాలు పెట్టే వేళకు బయలుదేరారు. వెనక సీటులో నాంచారమ్మగారు, ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని సత్యవేణి. ముందు రాజుగారు, పక్కన గౌస్. ఇంజను చక్కగా పాడుతోంది. రోడ్డు పక్క చేపల వాసన, తడి జమ్ము వాసన…

వంతెన కనిపించింది.

కారు ఒకసారి కుదిపింది… ఇంకోసారి కుదిపింది… ఆగిపోయింది.

కప్పలు కూడా ఊరుకున్నాయి.

"ఏవండీ…" అంది సత్యవేణి. పళ్ళు బిగబట్టింది. నాంచారమ్మగారు ఆంజనేయుణ్ణి తలుచుకుంటున్నారు. గౌస్ తన ప్రార్థన తాను గొణుక్కుంటున్నాడు. "ఒరేయ్ సోమరాజూ, వేళ దగ్గర పడుతోందిరా" అన్నారు ఆవిడ మధ్యలో.

రాజుగారు లాంతరు పుచ్చుకుని దిగారు. గౌస్ కూడా దిగాడు. దిగాక మాత్రం గౌస్‌కు భయం కంటే పని ముందు కనిపించిందట.

"రాజుగారూ, నేను వెనక పెట్రోలు పైపు చూస్తానండీ. లాంతరు ముందుకు పట్టుకెళ్ళండి. పెట్రోలు దగ్గర నిప్పు వద్దు."

రాజుగారు ముందుకు వెళ్ళి, అలవాటు కొద్దీ బానెట్టు తెరిచి ప్లగ్గుల మీద పడ్డారు. గౌస్ వెనక చక్రాల మధ్య, కారు కిందికి దూరాడు. ముందునుంచి లాంతరు వెలుగు నేల మీద సన్నగా పాకుతోంది. తడుముకుంటూ ట్యాంకు అడుగున పైపు నట్టు వదులు చేశాడు.

చుక్క రాలేదు.

ట్యాంకు నిండా ఉంది. పోస్తుంటే తను కళ్ళారా చూశాడు. అయినా ఒక్క చుక్క రాలేదు.

అప్పుడు… తలపైన…

హా…

ఒక్కసారిగా పెట్రోలు వచ్చి ఆయన మొహం మీద పడింది.

"వచ్చింది… వచ్చిందండీ!" అని అరిచి, నట్టు బిగించి, కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ట్యాంకు మూత తీసి ఉంది. మడ్‌గార్డు మీద మూత, దాని పక్కనే దానికి కట్టిన గుడ్డ, నాలుగు మడతలు చక్కగా వేసి. గౌస్ మూత పట్టుకుని ముందుకు వెళ్ళి, వెలుగులో తిప్పి చూశాడు.

"ఈ మూత కన్నంలో లక్క ఎవరు పోశారండీ?"

రాజుగారు చేతిలోని ప్లగ్గు కింద పెట్టారు. "నేనే. వానాకాలం రోడ్డు మీది నీళ్ళు చిమ్మి పెట్రోల్లో పడుతున్నాయి. కంపెనీవాడు చూసుకోకుండా వదిలేసిన కన్నం గదా అని పూడ్చాను. పైన ఆవకాయ జాడీకి కట్టినట్టు వాసెన కూడా కట్టాను."

"ఆవకాయకి గాలి తగలకూడదండీ. పెట్రోలుకి గాలి కావాలండీ! కింద పెట్రోలు దిగాలంటే పైనుంచి గాలి రావద్దూ? ఇంటి దగ్గర నిండా పోస్తారు, లోపల గాలికి చోటుండదు. ఇక్కడికొచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ట్యాంకు సగం ఖాళీ గాబట్టి ఆగదు. మా షెడ్డుకి వచ్చేసరికీ అంతే, అందుకే నాకు ఏమీ దొరకలేదు." గౌస్‌కు నవ్వు ఆగలేదు. "ఒక్కటి చెప్పండి. ప్రతిసారీ నిట్టూర్పు ముందా, మూత తియ్యడం ముందా?"

రాజుగారు లాంతరు వైపు చూశారు. "…మూత."

"గాలి లోపలికి పీల్చిందండీ ట్యాంకు. అంతే!"

"దెయ్యాల పాఠాలు తరవాత చెప్పుకోవచ్చు. బండెక్కండి!" అని కారులోంచి నాంచారమ్మగారు కేకేశారు.

గౌస్ మేకుతో లక్క పొడిచేసి, మూత పెట్టాడు. స్టార్టరు నొక్కగానే ఇంజను అందుకుంది. ఏలూరు దాకా ఎక్కడా ఆగలేదు. ఇంకొంచెం ఆలస్యమైతే తల్లీ బిడ్డా దక్కేవారు కాదని డాక్టరమ్మ అందట. ఆడపిల్ల. ఏడుపు వరండా దాకా వినిపించింది.

ఆ ఏడుపు విన్నాక సోమరాజుగారి బింకం అంతా దిగిపోయింది. బల్ల మీద గౌస్ పక్కన కూర్చున్నారు.

"గౌస్ గారూ," అన్నారు. ఆయన ఒక మెకానిక్‌ను 'గారూ' అనడం అదే మొదలు. "ఇక నుంచీ బండి మీ చేతుల్లోనే పెడతాను. ట్యాంకుతో సహా."

"అదేమిటండీ, పని జరిపించింది మీరే గదా! సమయానికి వచ్చి మూత తీశారు. లేకపోతే నేను ఇంకా కారు కిందే ఉండేవాణ్ణి."

"నేనా? నేను ముందు ప్లగ్గులు విప్పుతున్నాను. మీరే గదా తీశారు?"

"నా రెండు చేతులూ పైపు మీద ఉన్నాయండీ."

ఇద్దరూ నాంచారమ్మగారి వైపు చూశారు.

"పిల్ల తల నా ఒళ్ళో ఉంటే నేనెక్కడ దిగుతాను నాయనా?" అన్నారు ఆవిడ.

"అదేమిటండీ… మీరే!" అన్నాడు గౌస్ రాజుగారితో, సర్దిచెప్పుకుంటున్నట్టు. "వెనక చక్రం పక్కన మీ కాళ్ళు కనిపించాయి నాకు. నా మొహానికి జానెడు దూరంలో. చెప్పుల్లేవు. తడిగా ఉన్నాయి…"

"నేను నీళ్ళలో దిగలేదయ్యా. చెప్పులూ విప్పలేదు."

గౌస్ లాంతరు వెలుగులో చూసినదాన్ని మళ్ళీ ఒకసారి గుర్తుకు తెచ్చుకుంటున్నట్టు, రాజుగారి పాదాల వైపు చాలాసేపు చూశాడు.

"రాజుగారూ…" అన్నాడు గుసగుసగా. "మీరు కాలి వేళ్ళకు మెట్టెలు పెట్టుకోరు గదండీ?"