పిన్నీ అని పిలిచినందుకు

కొత్త బుకింగ్ సాఫ్ట్‌వేర్ మొదటి రోజే ఒక పందికి కిటికీ పక్క సీటు ఇచ్చింది.

ఆ సాఫ్ట్‌వేర్ రాసింది వసీతి. ఆ పందిని ఓడ ఎక్కించాల్సింది కెలేపి. సువా రేవు నుంచి దీవులకి ఓడలు నడిపే చిన్న కంపెనీ అది. సరుకంతా అతనే చూసుకుంటాడు. టికెట్ పట్టుకుని నేరుగా ఆమె బల్ల దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకుని, రేడియోలో చదివినట్టు మొదలుపెట్టాడు.

"నావికులకు హెచ్చరిక. పద్నాలుగో సీటులో నాలుగు కాళ్ళ ప్రయాణికురాలు. వాసన ఆగ్నేయం నుంచి వీస్తోంది. పక్క సీట్లవాళ్ళు జాగ్రత్త వహించాలి."

"ఎవరో 'సరుకు' అని నొక్కాల్సిన చోట 'ప్రయాణికులు' అని నొక్కారు" అంది వసీతి, స్క్రీన్ మీంచి తల ఎత్తకుండా.

"ఆ ఎవరో నేనే."

"అయితే పందిని సీట్లోనే ఉంచి మిమ్మల్ని కింద సరుకుల అరలో వేద్దాం."

టికెట్ కౌంటర్లో తిమాలేతి అక్క పడీపడీ నవ్వింది. ఆ అక్క నవ్వితే రేవంతా వింటుంది.

తర్వాత మధ్యాహ్నాలు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తినడం మొదలుపెట్టారు. బయట సువా వాన, లోపల ఉడికించిన కర్రపెండలం, చేప. తినగా తినగా వసీతికి అతని సంగతులు ఒక్కొక్కటీ తెలిశాయి. చేప తల ముందు తినేస్తాడు, మంచి ముక్క చివరికి దాచుకుంటాడు, ఎవరైనా అడిగితే ఆ దాచుకున్నదే ఇచ్చేస్తాడు. కోపం వస్తే తిట్టడు, చర్చి పాట కూనిరాగం తీస్తాడు. కోపం పెరిగేకొద్దీ శ్రుతి పైకి పోతుంది. మేనేజరు ఫోన్ చేసిన రోజున అది కిటికీ అద్దాలు వణికేదాకా వెళ్ళింది.

"చిన్నప్పుడు ఏమవుదామనుకున్నావు?" అని ఒకరోజు అడిగింది.

"నవ్వనంటే చెబుతా."

"నవ్వుతా. చెప్పు."

"రేడియోలో సముద్రం మీది వాతావరణం చదివే మనిషిని. మా దీవిలో టీవీ ఎక్కడిది? సాయంత్రం అందరం రేడియో చుట్టూ చేరేవాళ్ళం. ఎవరి మాటా వినని మా తాత కూడా ఆ రేడియో ఆయన వద్దంటే పడవ తీసేవాడు కాదు. నేను కోళ్ళగూడు ముందు నిలబడి రోజూ ప్రాక్టీసు చేసేవాణ్ణి."

"కోళ్ళు వినేవా?"

"ఒకటి వినేది. దాన్ని ఆదివారం వండేశారు."

వసీతికి పొలమారింది. అతను నీళ్ళు అందించి, "నీ సంగతో?" అన్నాడు.

"ట్రాఫిక్ లైటు లోపల ఒక మనిషి కూర్చుని రంగులు మారుస్తాడనుకునేదాన్ని. ఆ ఉద్యోగం కావాలని ఏడ్చాను."

అందరూ నవ్వే చోట అతను నవ్వలేదు. కాసేపు సీరియస్‌గా ఆలోచించి, "లోపల ఉక్కపోయదూ?" అన్నాడు.

అంతే, వసీతి పని అయిపోయింది. ఆ మధ్యాహ్నం రాసిన కోడ్‌లో ఎన్ని తప్పులున్నాయో ఆమెకి మాత్రమే తెలుసు.

శనివారం కూరల మార్కెట్లో కెలేపి, వాళ్ళమ్మ ఎదురయ్యారు. తల్లి పేరు రైజెలీ, పెద్ద మనిషి, పెద్ద బుట్ట. మాటల్లో తేలింది, రైజెలీదీ వసీతి వాళ్ళమ్మదీ కడావు దీవిలో ఒకే ఊరు. వసీతి సువాలో పుట్టి పెరిగింది. ఆ ఊరు చూసింది ఒక్కసారే, అదీ జ్వరంతో. అయినా మర్యాద తెలుసు కదా! ఒళ్ళంతా వినయం చేసుకుని, "బుట్ట ఇలా ఇవ్వండి పిన్నీ, నేను మోస్తాను" అంది.

రైజెలీ ముఖం వెలిగింది. కెలేపి ముఖం ఆరిపోయింది.

సోమవారం నుంచి అతను వసీతితో మాట్లాడ్డం మానేశాడు.

పలకరిస్తే తల దించుకునేవాడు. భోజనం ఓడ మీదే. ఆఫీసు పని ఉంటే ప్రింటర్‌తో చెప్పేవాడు. "లెవుకా వెళ్ళే ఓడ లిస్టు రాలేదని ఎవరికైనా తెలిస్తే బావుణ్ణు" అని ప్రింటర్ ముఖం చూసి అనేవాడు.

"ప్రింటర్‌కి అంత తీరిక లేదు, నన్నే అడుగు!" అని అరిచింది వసీతి. అతను దండం పెట్టినంత పనిచేసి బయటికి నడిచాడు, వానలోకి, గొడుగు లేకుండా.

గురువారానికి ఆమెకి ఓపిక చచ్చింది. తిమాలేతి అక్క పక్కన కూలబడింది.

"నేనేం చేశానక్కా? వాళ్ళమ్మ బుట్ట మోశాను. అంతే!"

"మోస్తూ ఏమని పిలిచావు?"

"పిన్నీ అని."

తిమాలేతి అక్క నెత్తి కొట్టుకుంది. "ఓరి నా సిటీ పిల్లా! నువ్వు పిన్నీ అంటే వాళ్ళేమనుకుంటారు? నీ తల్లి నేర్పింది కాబోలు అనుకుంటారు. ఆవిడ పిన్ని అయితే వాడు నీకేమవుతాడు?"

వసీతి వేళ్ళ మీద వరస లెక్కేసింది. "అన్న?"

"మన దీవుల్లో అన్నాచెల్లెళ్ళు వయసొచ్చాక ఎదురుబొదురు కూర్చుని కబుర్లాడతారా? పరాచికాలాడతారా? మా తమ్ముడు ఇక్కడే గేటు దగ్గర పనిచేస్తాడు, నేను వాడితో మాట్లాడ్డం ఎప్పుడైనా చూశావా? కెలేపి పెంపకం అలాంటిది." అక్క గొంతు తగ్గించింది. "ఇంకో మాట. సముద్రం అవతల సావుసావు ఆఫీసుకి బదిలీ అడిగాడు. రేపటి ఓడకి వెళ్తున్నాడు."

వసీతి ఇంటికి ఎలా వెళ్ళిందో బస్సుకే తెలియాలి.

వాళ్ళమ్మ చాప మీద కూర్చుని కొబ్బరి తురుముతోంది.

"అమ్మా, కెలేపి వాళ్ళమ్మ రైజెలీ నీకు చెల్లెలా?"

"ఎవరే అన్నది?"

"నేనే అన్నాను. పిన్నీ అని పిలిచాను."

తురుమడం ఆగింది. "నీ పిన్నిని తగలెయ్యా! దాని తల్లి మా నాన్నకి చెల్లెలి వరస. అది నాకు వదిన! చిన్నప్పుడు నన్ను పడవ మీంచి తోసేసి, చేపలకి మేత వేశానని ఊరంతా చెప్పుకుంది. చెల్లెలైతే తోస్తుందా?"

"అంటే... వదిన కొడుకు నాకు..."

"బావ అవుతాడు! ఇంకేమవుతాడు? కంప్యూటర్లన్నీ చదివావు, ఈ చిన్న లెక్క రాదా?"

వసీతి చాప మీద వెల్లకిలా పడిపోయింది. నవ్వుతోంది, కళ్ళ నీళ్ళు మాత్రం చెవుల్లోకి పోతున్నాయి. వాళ్ళమ్మ ఒక్కసారి కూతురి వంక చూసింది. చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది.

"ఏమే రైజెలీ, ముసలి తాబేలూ! నా కూతురు పిన్నీ అంటే పలికావట? నాకు చెల్లెలివి కావాలంటే ముందు ఆ ముఖం మార్చుకుని రా!"

అవతల నుంచి కేక, ఆ వెనకే విరగబడి నవ్వు. గది అవతల ఉన్న వసీతికి కూడా వినిపించింది. వదినామరదళ్ళు తప్ప అలా తిట్టుకోరు.

చీకటి పడుతుండగా కెలేపి వచ్చాడు. వాన నిలువునా కురుస్తోంది. గుమ్మం బయటే నిలబడ్డాడు, చొక్కా ఒంటికి అతుక్కుపోయి.

"లోపలికి రా" అంది వసీతి.

"తడిసిపోయాను."

"కనిపిస్తోంది. సావుసావు?"

"వద్దని ఫోన్ చేశాను. మేనేజరు చాలాసేపు తిట్టాడు."

"ఒకటి అడుగుతాను. చెల్లెలనుకున్నావు, సరే. తిమాలేతి అక్క, వాళ్ళ తమ్ముడు మాట్లాడుకోకుండానే ఒకే చోట పనిచేసుకుంటున్నారుగా. నువ్వెందుకు సముద్రం దాటి పోదామనుకున్నావు?"

అతను కాళ్ళ వైపు చూశాడు. వాన వైపు చూశాడు. చివరికి ఆమె ముఖంలోకి చూశాడు.

"చెల్లెల్ని చూడాల్సినట్టు నిన్ను చూడ్డం నావల్ల కాలేదు. చాలా ప్రయత్నించాను వసీతీ. పాపం అనిపించింది. అందుకే."

"మరిప్పుడు?"

"ఇప్పుడు పాపం కాదుగా."

వసీతి తువ్వాలు అందించింది, చెయ్యి వెనక్కి తీసుకోవడం మర్చిపోయింది. అతను గుర్తు చెయ్యలేదు.

లోపలి నుంచి వాళ్ళమ్మ కేకేసింది. "జల్లంతా నా కొత్త చాప మీద కొడుతోంది! అల్లుడు లోపలికి వస్తాడా, తలుపు వెయ్యమంటాడా?"

కెలేపి చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.