రెండో అంతస్తులో వైఫై డబ్బా

అమీర్‌పేటలో మనుషులకే గది దొరకదు, దెయ్యానికి ఎవరిస్తారమ్మా అని నేను నవ్వాను. చెబుతున్న మంజూష మాత్రం నవ్వలేదు.

మెట్రో స్టేషన్ వెనక సందులో మూడంతస్తుల ఇల్లు. పైన మంజూష అద్దెకుండేది. రెండో అంతస్తులో తాళం వేసిన గది ఒకటుంది. ఉద్యోగం కోసం చూసీ చూసీ ఎవరో అందులోనే పోయారట... ఎవరు, ఎప్పుడు అంటే ఎవరూ చెప్పలేరు. ఇంటి మొత్తానికీ వైఫై డబ్బా ఉన్నది ఆ గదిలోనే.

రోజూ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో లోపల ఏదో కదిలిన చప్పుడు. వెంటనే నెట్ పోతుంది. మొదట్లో అయిదు నిమిషాలే పోయేది. ఫిర్యాదు చేసినకొద్దీ పది... పావుగంట... అరగంట.

మంజూష పాస్‌వర్డ్ మార్చి చూసింది. నెట్ కనెక్షన్ చూసే మహేశ్‌ని రెండుసార్లు పిలిపించింది. అతనొచ్చేది పగలు. పగలు ఏ తేడా ఉండదు. లైన్లో ఏమీ లేదక్కా అని చెప్పి, ఇంటామె చిలకమ్మకి ఏవో జాగ్రత్తలు చెప్పి పోయాడు.

మంజూష బీటెక్ అయి మూడేళ్లు. పద్నాలుగు కంపెనీలు వద్దన్నాయి. పదిహేనోది ఆఖరి రౌండు దాకా వచ్చింది. ఇదీ పోతే గది ఖాళీ చేసి జనగామ వచ్చెయ్యమని ఇంట్లో తేల్చేశారు. ఇంటర్వ్యూ ఆన్‌లైన్లో — సరిగ్గా రాత్రి ఎనిమిదిన్నరకి. అవతలి వాళ్లకి అది పొద్దుటి పూట.

ఆ ఉదయం మంజూష చిలకమ్మ చేతులు పట్టుకుని బతిమాలిందట, ఈ ఒక్కరోజూ నెట్ బాగుండేలా చూడమని. నేను చూసుకుంటా పో, అందామె.

ఎనిమిదిన్నర దాటింది. నెట్ పోలేదు. మొదటి ప్రశ్నకి జవాబు చెప్పింది. అవతల ఇద్దరూ తలలూపారు. రెండో ప్రశ్న సగంలో — వాళ్ల మొహాలు అలాగే నిలిచిపోయాయి.

ఫోన్ డేటా పెట్టింది. ఆ సందులో సిగ్నల్ ఒక్క గీత నిలవదు. అయిదు నిమిషాలు... పది... ఇక ఆగలేక కిందికి పరిగెత్తింది. భయమెయ్యలేదా అంటే, వేసిందంది.

మెట్ల మీద లైటు లేదు. రెండో అంతస్తుకొచ్చేసరికి — ఆ గది తలుపు తెరిచే ఉంది. లోపల చీకటి. ఎవరిదో గుసగుస...

"పండు... జర సేపు పండు..."

ఫోన్ లైటు వేసింది. నేల మీద ఒక ఆడమనిషి. జుట్టు విరబోసుకుని, ఒళ్లో ఏదో పెట్టుకుని, మెల్లగా విసనకర్రతో విసురుతోంది.

చిలకమ్మ. ఒళ్లో వైఫై డబ్బా.

నాకైతే ఇది విన్నాక దెయ్యమే నయమనిపించింది. దెయ్యాన్నయితే తిట్టుకోవచ్చు.

మంజూష గడప మీదే కూలబడింది. చిలకమ్మ ప్రేమగా చూసి, డబ్బా నిద్ర చెడుతుందేమో అన్నట్టు గొంతు తగ్గించింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నెట్ సతాయిస్తే డబ్బా బంద్ చేసి జర సేపు ఆగాలని మహేశ్ చెప్పిండు. అందుకే రోజూ సీరియల్ అయిపోంగనే వచ్చి పండబెడుతున్న. మీరు మంచిగొస్తలేదన్నప్పుడల్లా ఇంకింత సేపు. నువ్వు పొద్దున గంతగనం బతిమాలితివి గదా... ఇయ్యాల నీ కోసం గంటసేపు పండబెడ్త."