పద్దెనిమిది కిలోల నడక

ఆ రోజుల్లో విశాఖపట్నంలో చీర కొనడమంటే నడక కొనడమే. రంగూ అంచూ ఎవరూ అడిగేవారు కాదు. అంచు మీద వేలు రాస్తే రంగు మారిపోతుంది, దానికోసం బేరమెందుకు? షాపులోకి అడుగుపెట్టినావిడ ముందు అడిగే మాట ఒక్కటే. "ఇది ఎవరి నడక?"

రెండువేల తొంభై నాలుగో సంవత్సరం. కండనూలు వచ్చి అప్పటికి పదేళ్ళు. శాస్త్రజ్ఞులు దాన్ని పాలిమర్ యాక్చుయేటర్ అనేవారు. వెంట్రుకలో పదోవంతు ఉండే పోగు అది. కొద్దిగా కరెంటు తగిలితే కండలాగా ముడుచుకుంటుంది, ఆగితే వదులవుతుంది. అలాంటి పోగులు రెండు లక్షలు చీరలోనూ జాకెట్టులోనూ కలిపి నేస్తే, ఆ బట్ట కట్టుకున్న మనిషి మోకాలు ఎంత మడవాలో, నడుము ఎటు తిప్పాలో, మెడ ఎక్కడ నిలపాలో ఒంటికి మెల్లగా చెబుతుంది. ఎవరో పెద్దావిడ చెయ్యి పట్టుకుని నడిపించినట్టు ఉంటుంది. పదడుగులు వేసేసరికి ఒళ్ళు దాని మాట వినేస్తుంది. కవులు హంసనడకలని, ఏనుగు నడకలని రాసుకున్నవన్నీ కొట్లో హ్యాంగర్లకి వేలాడుతుండేవి.

దాంతో మోడళ్ళ సంగతీ మారింది. మొహం ఎవరిదైనా ఒకటే, తెరమీద ఎలా కావాలంటే అలా దిద్దుకోవచ్చు. మోడల్ అంటే నడక ఇచ్చే మనిషి.

వాసుపల్లి కొర్లమ్మ అలా మోడలైంది. ఇరవై ఏళ్ళది, జాలరిపేట పిల్ల. చేపల్ని ఊళ్ళోకి చేరవేసే బండ్లు వాటంతటవే తిరిగే కాలమది. అయినా తడి ఇసకలోకి వస్తే వాటి చక్రాలు కూరుకుపోయేవి. ఎంత చదువుకున్నవాళ్ళు చేసిన చక్రమైనా ఇసకకి ఒకటే. అందుకని పడవ దగ్గర్నుంచి రోడ్డు దాకా ఆడవాళ్ళే గంపలు మోసేవారు. ఒక ఉదయం లలితగతి అనే కంపెనీ మనిషి ఒకడు ఒడ్డున నిలబడి, గంప నెత్తిన పెట్టుకుని వస్తున్న కొర్లమ్మని చూశాడు. నడుము కింద అంతా కదులుతోంది, నడుము పైన ఏదీ కదలడం లేదు. ఆ వారంలోనే సంతకమైంది.

"మోడలంట," అంది తల్లి నూకాలు. "మరింకేటి, రేపట్నుంచి మాయింట్లో నేల మీద నడిస్తే నీ కాళ్ళు అరిగిపోతాయేమో."

"ఊరుకోవే అమ్మా. నీ నెత్తి సూసే సంతకం పెట్టినాను."

నూకాలు చెయ్యి తనకి తెలియకుండానే నడినెత్తి మీదకి పోయింది. ముప్పై ఏళ్ళు గంప కింద పెట్టే చుట్టకుదురు ఒరుసుకుని అక్కడ అరచెయ్యంత మేర వెంట్రుక మొలవదు. కొర్లమ్మకి కావలసింది ఒక్కటే. తన నెత్తి అలా కాకూడదు. గంప దింపెయ్యాలి, మళ్ళీ ఎత్తకూడదు.

ల్యాబులో మొదటిరోజు ఆమెకి పలచటి తొడుగు తొడిగి, అద్దంలాంటి నేల మీద నడవమన్నారు. అక్కడ పెద్ద డాక్టర్ భానోజీ. యాభై దాటినవాడు, కండనూలుకి నడక నేర్పే పద్ధతి ఆయనదే. ఆయన పక్కన తూనిక. తూనిక మనిషి కాదు, నడకని తూచే యంత్రం. గోడలోంచి మాట్లాడుతుంది.

కొర్లమ్మ నడిచింది.

"నూటికి డెబ్బై ఒకటి," అంది తూనిక. "బస్సు దిగి ఆఫీసుకి పోయే మనిషి నడక."

భానోజీ మళ్ళీ నడిపించాడు. డెబ్బై. మళ్ళీ. డెబ్బై రెండు. మూడు రోజుల్లో తొంభై దాటకపోతే ఒప్పందం చెల్లదని కాయితంలో ఉంది. రెండోరోజు సాయంత్రానికి ఆయన మొహంలో జాలి కనిపించింది. కొర్లమ్మకి జాలంటే భయం.

"ఒడ్డున చూసినప్పుడు నువ్విలా లేవటమ్మా," అన్నాడు. "ఏం మారింది?"

ఆమె తన కాళ్ళవంక చూసుకుంది. కాళ్ళు అవే.

"బాబూ, నా నెత్తి మీద ఏటీ నేదు కదా."

గంప అమ్మే సరుకు కాదని సంతకం పెట్టిన రోజే ఎవరో దాన్ని పక్కన పెట్టేశారు. ల్యాబంతా పెద్ద చదువులవాళ్ళే. నడక కాళ్ళలో ఉంటుందనుకున్నారు.

పద్దెనిమిది కిలోల ఇసక తెప్పించారు. ఎనభై నాలుగు వచ్చింది.

"ఇసక సచ్చిన బరువు బాబూ. కూకున్నకాడ కూకుంటాది. సేప అలాక్కాదు, జారతాది. అది జారినప్పుడల్లా మెడ సద్దుకోవాల."

మూడోరోజు పొద్దున్నే పద్దెనిమిది కిలోల కవ్వళ్ళ చేపలు వచ్చాయి. ల్యాబు నీచువాసనతో నిండిపోయింది, ఇద్దరు ఇంజనీర్లు బయటికి పోయారు. కొర్లమ్మ ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచింది.

"తొంభై తొమ్మిది," అంది తూనిక. "ఇంత నిలకడ నేనింతవరకు తూచలేదు."

"అయిపోనాదేటి?" అంది కొర్లమ్మ.

"అయిపోయింది తల్లీ. ఇంక నువ్వు గంప ముట్టక్కర్లేదు," అన్నాడు భానోజీ. ఆయన నిజంగానే అలా నమ్మాడు.

ఆ నడక 'సాగరి' అన్న పేరుతో షాపుల్లోకి వచ్చింది. నెల తిరిగేసరికి బీచిరోడ్డు మీద ఎవర్ని చూసినా కొర్లమ్మే. లాయర్లు, డాక్టర్లు, కాలేజీ పిల్లలు అందరూ మెడ నిలిపి, చూపు దూరంగా పెట్టి, అడుగుని ఇసకలోకి దింపినట్టు దింపుతున్నారు. నూకాలు ఒకసారి చూడ్డానికి వచ్చి, "ఈళ్ళందరి గంపలూ ఏవే?" అంది.

తరవాత ఫిర్యాదులు మొదలయ్యాయి. నడినెత్తి మీద బరువుగా ఉంటోంది, మెడ లాగుతోంది. లలితగతి డైరెక్టర్ చారుశీల ల్యాబుకి దిగివచ్చింది.

"తప్పు ఎక్కడుంది?"

"తప్పు లేదు," అంది తూనిక. "ఈ నడక ఒక బరువుకి ఒళ్ళు చెప్పుకున్న జవాబు. జవాబు కట్టుకున్నవాళ్ళకి ప్రశ్న కూడా తగులుతుంది. వాళ్ళ మెడ ఇప్పుడు పద్దెనిమిది కిలోలు ఉన్నాయనే అనుకుంటోంది."

భానోజీ వారం రోజులు కూర్చుని బరువు తగలని రకం తయారుచేశాడు. నడక కాస్త పలచబడింది, తొంభైకి దిగింది, కానీ నొప్పి లేదు. దాన్ని పెద్దింటివాళ్ళెవరూ కొనలేదు. ఎందుకు కొనలేదో ఆయనకి ఒక పెళ్ళిలో తెలిసింది. వెనక వరసలో ఇద్దరాడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"మెడ పట్టేసిందండీ, నాలుగురోజులైంది."

"మీదీ బరువుదేనా? నేనింకా తేలికదేమో అనుకున్నాను."

"తేలికది మా పనిమనిషి కట్టుకుంటుంది."

"మా వదినగారికి అసలేం తగల్లేదటండి. పైకి అనలేక పాపం, మందు రాసుకుంటోంది ఊరికే."

కష్టపడి బతికినవాళ్ళు నొప్పి దాచుకుంటారు. కష్టం తెలియనివాళ్ళ చేతికి నొప్పి దొరికితే నగలా పెట్టుకుని తిరుగుతారు. చారుశీలకి ఇంత తత్త్వం అక్కర్లేదు. ఆమెకి తెలిసింది ఒకటే, వచ్చే సీజనుకి ముప్పై కిలోలు కావాలి.

"ముప్పై మాయమ్మే మొయ్యనేదండి," అంది కొర్లమ్మ. "దింపుకుందారని వొచ్చినాను గానీ ఇంకా ఎత్తుకుందారని కాదు."

"నువ్వు మొయ్యక్కర్లేదమ్మా," అన్నాడు భానోజీ. "పద్దెనిమిదిని ముప్పై చెయ్యడం తూనికకి లెక్క."

తూనిక అరగంటలో చేసిపెట్టింది. మొదటి పదిమంది కొనుగోలుదార్లని పిలిచి కట్టించారు. మెడ మీద చెయ్యి వేసుకుని అందరూ ఆనందపడ్డారు. అప్పుడు ఒకావిడ అడిగింది.

"ఇది నిజంగా ఎవరైనా మోసిందేనా?"

యంత్రం లెక్కకట్టిందని చెప్పారు. ఆవిడ లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. మిగతావాళ్ళూ మార్చుకున్నారు.

"రెండింటికీ తేడా లేదు," అంది తూనిక. "మోసి తీసిన నడకైనా, లెక్కకట్టిన నడకైనా పోగు పోగుకీ సమానం. ఒంటికి తెలిసే అవకాశమే లేదు."

"నీకు లేదు," అంది చారుశీల. "వాళ్ళకుంది. ఎవరో ఒకరు మోసుండాలి. అది వాళ్ళు చూడాలి."

భానోజీ తల వంచుకున్నాడు. ఆయన కండనూలుకి నడక నేర్పిన కొత్తలో, ఇంక ఎవరూ ఎవరికోసమూ కష్టపడక్కర్లేదని ఎక్కడో ఉపన్యాసమిచ్చాడు.

కొర్లమ్మ ముందు రెండే దారులున్నాయి. ఆరువందలమంది ఎదుట ముప్పై కిలోల గంప ఎత్తుకుని హాలంతా నడవాలి, అదీ సీజనుకొకసారి. లేదంటే ఒప్పందం రద్దు, మర్నాటినుంచి రోజూ పద్దెనిమిది. ఆమె రెండురోజులు ఆలోచించింది.

"ఒక్కసారే కదండీ," అంది.

"ఒక్కసారే. ఈ సీజనుకి," అంది చారుశీల.

షో ఉదయం పదకొండింటికి. సముద్రం కనబడే హాలు. వేదిక మధ్యలో గంప పెట్టారు, ముప్పై కిలోల కవ్వళ్ళు, మీద ఐసు. ముందువరసల్లో అందరూ సాగరి కట్టుకున్నవాళ్ళే, బరువు రకం. కొర్లమ్మ వచ్చింది. కొంగు చుట్టి కుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. గంప దగ్గర కూర్చుని అంచు పట్టుకుంది. అక్కడ ఆగిపోయింది.

నిండు గంపని ఏ మనిషీ తనంతట తాను నెత్తికెత్తుకోలేదు. అవతల ఇంకొకరు పట్టి లేపాలి. జాలరిపేటలో దీనికో కట్టడి ఉంది. ఎవరు "ఓ సెయ్యెయ్యి" అన్నా దగ్గరున్నవాళ్ళు వెయ్యాలి. పొద్దున్న జుట్లు పట్టుకుని కొట్టుకున్నవాళ్ళైనా సరే, అడిగితే వచ్చి ఎత్తిపెట్టి, మాట్లాడకుండా పోతారు. ల్యాబులో ఆ పని పైనుంచి దిగే ఇనప చెయ్యి చేసేది. హాలుకి దాన్ని తేవాలని ఎవరికీ తట్టలేదు. కొర్లమ్మకీ తట్టలేదు. ఇంతమంది ఉన్నచోట చెయ్యి కరవవుతుందని ఆమె ఎలా అనుకుంటుంది?

ఆమె ముందువరసకేసి చూసింది.

"అమ్మా, ఎవులైనా ఓ సెయ్యెయ్యండి."

ఎవరూ లేవలేదు. రెండోసారి అడిగింది. తెల్లజుట్టు పెద్దావిడ ఒకామె నిజంగానే లేచింది. చాలా అందంగా నడిచి వేదికెక్కింది, గంప పక్కన నిలబడింది, వంగబోయింది. నడుము వంగలేదు. మెడ దిగలేదు. మెడ దించితే గంప పడిపోతుందని ఆ బట్టకి తెలుసు, దానికి తెలిసింది అదొక్కటే. కొర్లమ్మ నెత్తిన గంప పెట్టాకే తూనిక నడకని తూచింది గానీ, ఎత్తినవాళ్ళనీ వంగినవాళ్ళనీ తూచలేదు.

"రావట్లేదమ్మా," అంది పెద్దావిడ చిన్నగా. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంకో ఇద్దరు వచ్చారు. ముగ్గురూ గంప చుట్టూ చేతులు గాలిలో పెట్టుకుని, దీపస్తంభాల్లా నిటారుగా నిలబడ్డారు. పక్కతెర వెనకనుంచి భానోజీ కదలబోయాడు. చారుశీల ఆయన భుజం పట్టుకుంది.

"ఆగండి. హాలు చూడండి."

హాలు చప్పట్లు కొడుతోంది. ఇదే షో అనుకున్నారు.

కొర్లమ్మ మూడోసారి అడిగింది. ఆ చప్పట్లలో ఎవరికీ వినబడలేదు. కాసేపు కూర్చుని, కుదురు విప్పి కొంగు దులుపుకుని, గంప అక్కడే వదిలేసి వచ్చేసింది. లోపలికొచ్చి బట్టలు సర్దుకుంది. ఉద్యోగం పోయిందనుకుంది.

మర్నాటికి ఊరంతా ఒకటే పేరు, వంగనివ్వని చీర. ఎంత లోబడిన మనిషినైనా తల దించనివ్వదట. అలా అని లలితగతి చెప్పలేదు, జనమే చెప్పుకున్నారు. భానోజీ మాత్రం వంగడం కూడా తెలిసిన బట్ట చేద్దామన్నాడు. చారుశీల నవ్వి, అది ఎవరిక్కావాలి అంది. కాకినాడలో, విజయవాడలో, హైదరాబాదులో షోలు ఖాయమయ్యాయి.

కొర్లమ్మ ఇంటికొచ్చి తల్లికి చెప్పింది.

"అయితే మొయ్యక్కర్నేదా?" అంది నూకాలు.

"నేదు. ఇంకెప్పుడూ నేదంట. రాసిచ్చినారు."

"మరేటి సెయ్యాల?"

"గంప కాడ కూకోని అడగాల. మూడుసార్లు. సెయ్యెయ్యండని."

"ఎవులైనా వొస్తారా?"

"వొస్తారు. వొంగలేరు."

నూకాలు చేతిలో చేప తోముతూ ఉండిపోయింది.

"అడిగినా సెయ్యి పడని సోట పని దొరికిందన్నమాట నీకు," అంది.

కొర్లమ్మ ఆ పని చాలా ఏళ్ళు చేసింది. ఆమె నడినెత్తిన ఒక్క వెంట్రుకా రాలలేదు. ఏ ఊరైనా, ఏ హాలైనా మొదటి రెండుసార్లూ నేర్పినట్టే, గొంతు సవరించుకుని అడిగేది. మూడోసారి అడిగేటప్పుడు మాత్రం గొంతు దానంతటదే తగ్గిపోయేది. ముందువరసలో ఒక్కొక్క మొహమే, చివరిదాకా, వెతుక్కుంటూ పోయేది.