నలుపు మీద నలుపు

తెలిసిన మనిషి పిలిచారు కాబట్టే డేవిడ్ రాజు బండి ఆపాడు.

1986 మే 12, సోమవారం, ఉదయం ఎనిమిదిన్నర. ముసునూరు నుంచి నూజివీడు వచ్చే రోడ్డు మీద అప్పటికే ఎండ చుర్రుమంటోంది. రెండు పక్కలా తోటల్లో కాయ కోస్తున్నారు. ఎదురుగా వస్తున్న కారు ఆగింది. లోపల్నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. అతను లూనాకి స్టాండు వేసి నవ్వుతూ దగ్గరకెళ్ళి, కిటికీలోకి వంగి నమస్కారం పెట్టాడు. భుజం మీద చీమ కుట్టినట్టయింది. అంతే.

పది గంటలకి తోట కాపలావాడు చూశాడు. అప్పటికి శవం రోడ్డు మీద లేదు, చెట్టు కింద ఉంది. భుజం మీద పక్కపక్కనే రెండు గాట్లు. పాము కాటు అని రాసుకుని వెళ్ళిపోయారు. మామిడి తోటల్లో పాములు లేవని ఎవరంటారు?

మర్నాడు ఉదయం హైదరాబాదులో, చేనేత సర్వే విభాగం అని బోర్డు ఉన్న భవనం రెండో అంతస్తులో, సెక్షన్ తొమ్మిది అధిపతి వెంకటాచలపతి ఆ కాగితాన్ని పాండురంగారావు ముందుకి తోశాడు.

పాండురంగారావుకి ముప్పై ఆరేళ్ళు. సెక్షన్ మొత్తంలో పిస్టలూ ప్రోగ్రామూ రెండూ తెలిసినవాడు అతనొక్కడే. అందుకని ఎవరికీ అక్కర్లేని పనులన్నీ అతనికే వచ్చేవి.

చలపతి బ్రీఫింగ్ ఎప్పుడూ టెలిగ్రాంలా ఉంటుంది. నూజివీడులో మామిడి సమాచార కేంద్రం ఉంది. అందులో ఒక కంప్యూటర్. రోజూ సాయంత్రం నాలుగింటికి రసాలు, బంగినపల్లి, కలెక్టర్ కాయ ఏ రేటు పలికిందో ఒక పేజీ తయారుచేసి ఫోన్ లైను మీద మద్రాసు పంపుతుంది. అక్కడి నుంచి బొంబాయిలో, సింగపూర్‌లో టెర్మినల్ ఉన్న ఎవరైనా దాన్ని తెర మీద చూడొచ్చు. ఆ పేజీ రాసేది డేవిడ్ రాజు. ఏప్రిల్ నుంచి మన గస్తీ నౌకల దారులు సముద్రంలో ఒక విదేశీ చేపల ట్రాలర్‌కి ముందే తెలుస్తున్నాయి. డేవిడ్ రాజు పై ఆఫీసుకి ఉత్తరం రాశాడు, తన పేజీలో కనిపించనిదేదో ఉందని. ఆ ఉత్తరం సెక్షన్‌కి చేరింది. అతనితో మాట్లాడమని సెక్షన్ మనిషి అహల్యని పంపారు. ఆమె వెళ్ళేలోపే అతను చచ్చిపోయాడు.

"శుక్రవారం రాత్రి కాకినాడ నుంచి సర్వే నౌక బయల్దేరుతుంది. కొత్త సోనార్, నలభై ఇద్దరు మనుషులు. దాని దారి ఆ పేజీలో వెళ్ళకూడదు."

"పేజీ ఆపేస్తే సరిపోతుంది కదండీ?"

"ఆపితే ట్రాలర్ పారిపోతుంది. నాకు ట్రాలర్ కావాలి."

స్టోర్స్‌లో అతనికి రెండు వస్తువులిచ్చారు. ఒక్క తూటా పేలే పెన్ను, ఫోటోలు తీసే వాచీ. మారు పేరు వెంకట రమణ. చనిపోయినవాడి స్థానంలో వచ్చిన కొత్త ప్రోగ్రామర్.

నూజివీడు బస్టాండులో ఎర్ర మారుతి కారు ఆగి ఉంది. దానికి ఆనుకుని నీలం షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు. కాయల బుట్టలు దింపుతున్నవాళ్ళు దింపడం మర్చిపోయి చూస్తున్నారు. పాండురంగారావు దగ్గరకెళ్ళి, ఈ ఏడు రసాలు ఆలస్యమా అని అడిగాడు. ఎండ చాల్లేదండీ అంది ఆమె. కోడ్ సరిపోయింది.

అహల్య ఊళ్ళోకి మద్రాసు ఎగుమతి కంపెనీ ప్రతినిధిగా వచ్చింది. అద్దె ఇంట్లో ఆమెకీ ఒక టెర్మినల్ ఉంది. కారు నడుపుతూ చెప్పింది, సోమవారం మధ్యాహ్నం తను ఊళ్ళోకి దిగేసరికే అంతా అయిపోయిందని, డేవిడ్ రాజుని ప్రాణంతో చూడనేలేదని. అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. పాండురంగారావు ఆమెతో రెండు మిషన్లు చేశాడు. ఓదార్చాడు కూడా.

కేంద్రం మేనేజర్ ఆంజనేయులు నెమ్మదస్తుడు. అతని ప్రపంచమంతా రిజిస్టర్లే. ముందు గదిలో వ్యాపారులు పేజీ చూసే తెర, వెనక గదిలో కంప్యూటర్. ఆ గోడకి డేవిడ్ రాజు ఎర్ర సిరాతో రాసిన కాగితం ఒకటి అంటించి ఉంది. తర్వాత వచ్చేవాళ్ళ కోసం రాసుకున్న రోజువారీ జాగ్రత్తలు. మార్చే ముందు కాపీ తీయి. ఒకసారికి ఒక్కటే మార్చు. తెర మీద కనిపించేదే పేజీ అనుకోకు. పేజీ నెమ్మదించిందంటే దానికో కారణం ఉంటుంది, వెతుకు. బయటివాళ్ళు టైప్ చేసింది పరీక్షించకుండా పేజీలో పెట్టకు. ఏం రాశావో కోడే చెబుతుంది, ఎందుకు రాశావో నువ్వు చెప్పు.

పాండురంగారావు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. చనిపోయినవాడు తనకంటే మంచి పనివాడని అర్థమైంది.

బుధవారం సాయంత్రం వాచీ పట్టుకుని కూర్చున్నాడు. పేజీలో సగం ఖాళీ. అంత పేజీ వెళ్ళడానికి నాలుగు సెకన్లు చాలు. ఏడు పట్టింది. ఆ మూడు సెకన్లలో ఏం వెళ్తోంది? తెర మీదైతే ధరల కింద అంతా నలుపే. తెరని వదిలేసి, పంపిన పేజీ రంగు కోడ్‌లతో సహా ఉన్నదున్నట్టు అచ్చయి పడిన ప్రింటర్ కాగితం తీశాడు. ఖాళీ ఉండాల్సిన చోట అంకెలు వరసగా ఉన్నాయి. తేదీ, గంట, అక్షాంశం, రేఖాంశం. వాటి ముందు నల్ల అక్షరాలు అని చెప్పే కోడ్. నల్ల తెర మీద నల్ల అక్షరాలు. ప్రపంచమంతా చూస్తున్న పేజీలోనే వెళ్తున్నాయి, ఎవరికీ కనిపించడం లేదు.

ఎలా వస్తున్నాయో గురువారం తేలింది. కొనుగోలుదార్ల ప్రతినిధులు ఏ ఊళ్ళో ఉన్నా తమ టెర్మినల్ నుంచి ఒక్కో రకానికీ ఒక వ్యాఖ్య రాయొచ్చు, కాయ సైజు బాగుందనో, మచ్చ ఉందనో. ఆ గడిలో ఏం టైప్ చేస్తే అది నేరుగా పేజీలోకి పోతోంది, రంగు కోడ్ అయినా సరే. దాన్ని ఆపడానికి డేవిడ్ రాజు ప్రోగ్రామ్‌లో నాలుగు లైన్లు మొదలుపెట్టి వదిలేశాడు. పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి ఉంది: "10-5. వ్యాఖ్యలోంచి రంగు కోడ్ వస్తోంది. హైదరాబాదు నుంచి అహల్యగారు వచ్చారు. అంతా చూపించాను. సోమవారం మళ్ళీ వస్తామన్నారు."

పదో తారీఖు శనివారం. ఆమె అతన్ని ప్రాణంతో చూసింది. మళ్ళీ సోమవారం చూసింది.

పాండురంగారావు పోస్టాఫీసుకెళ్ళి చలపతికి ట్రంక్ కాల్ చేశాడు. పురుగు చెట్టులోనే ఉందండీ అన్నాడు. అవతల ఆశ్చర్యం లేదు. కొమ్మ నరకొద్దు, బుట్టని ఎనభై అయిదుకి పంపు అని చలపతి ఫోన్ పెట్టేశాడు. అంటే అహల్యని ముట్టుకోకూడదు. నౌక దారిలో ఎనభై మూడో రేఖాంశం ఉంటే పేజీలో ఎనభై అయిదు అని వెళ్ళాలి. ట్రాలర్ అక్కడికి పోతుంది. అక్కడ మన నౌకలు కాచుకుని ఉంటాయి.

ఆ రాత్రి పాత ప్రోగ్రామ్‌ని ఫ్లాపీలోకి కాపీ తీసిపెట్టి, కొత్త లైన్లు రాశాడు. వ్యాఖ్యలో నల్ల రంగు కోడ్ దొరికితే తర్వాత వచ్చే రేఖాంశాన్ని మార్చాలి. గత మూడు రోజుల పేజీలతో నడిపి చూశాడు. మూడింట్లోనూ సరిగ్గా పనిచేసింది. అది చాలనుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడు యాభై అయిదుకి వ్యాఖ్యలు వచ్చాయి. మూడు యాభై ఎనిమిదికి ప్రోగ్రామ్ నడిపాడు. ఆగిపోయింది.

మళ్ళీ నడిపాడు. మళ్ళీ అక్కడే ఆగింది. మద్రాసు లైను నాలుగూ అయిదుకి మూసుకుంటుంది. ఆ తర్వాత పంపినా ఎవరూ తీసుకోరు. ఒక్కో గడినీ ప్రింటర్ మీదకి రప్పించి చూశాడు. ఒక గడి ఖాళీగా ఉంది. రెడ్డిగూడెం లారీలు రాక ఆ రోజు కలెక్టర్ కాయకి వేలమే జరగలేదు. ఖాళీ వ్యాఖ్యలో రంగు కోడ్ వెతకమంటే ప్రోగ్రామ్ ఎటూ పోలేక నిలబడిపోయింది. మూడు రోజుల పేజీల్లో ఒక్క ఖాళీ గడి కూడా లేదు.

గది తలుపు తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. అహల్య. ముందు గదిలో తెర మీద నాలుగింటికి పేజీ రాకపోయేసరికి ఆంజనేయుల్ని కాఫీకి పంపి లోపలికొచ్చింది. ఆమె చూపు బల్ల మీది ప్రింటౌట్ మీద పడింది. నల్లగా వెళ్ళాల్సిన అంకెల చుట్టూ పెన్సిల్ గీత ఉంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది.

"పెన్ను బల్ల మీద పెట్టు. అలాంటిదానికి స్టోర్స్‌లో నేనూ సంతకం చేశాను."

పెట్టాడు.

"పేజీ ఎందుకు వెళ్ళలేదు?"

"నేను చేసిన మార్పులో తప్పుంది."

"పాత ప్రోగ్రామ్ పెట్టు."

ఫ్లాపీ అతని చేతికి జానెడు దూరంలో ఉంది. పాతది పెడితే పేజీ చక్కగా వెళ్తుంది, నౌక అసలు దారితో సహా.

"పాతదీ ఇక్కడే ఆగుతుంది. ఖాళీ గడి వస్తే ఏం చెయ్యాలో అందులోనూ రాయలేదు."

అది అబద్ధం. అహల్య వాచీ చూసుకుంది. నాలుగూ రెండు. సరిచెయ్యమంది.

అతను ఒకే ఒక్క లైను కలిపాడు. గడి ఖాళీగా ఉంటే దాటిపో. ఇంకేమీ ముట్టుకోలేదు. అతని వేళ్ళు కదులుతుంటే ఆమె వెనకే నిలబడి మాట్లాడింది, గొంతు పెంచకుండా. మార్చి నుంచీ చలపతికి తన సంగతి తెలుసంది. తెలిసీ తనని ఎందుకు వదిలేశాడో, డేవిడ్ రాజు ఉత్తరాన్ని తెచ్చి తన చేతికే ఎందుకు ఇచ్చాడో ఆలోచించుకోమంది.

"సూది నాదే. దారి మాత్రం ఆయన చూపించాడు."

నాలుగూ నాలుగు. మోడెమ్ కూత పెట్టింది. తెర మీద పేజీ పై నుంచి కిందికి దిగింది. ధరలు, వాటి కింద నలుపు. ఆమె కళ్ళార్పకుండా చూసింది. ఏ తేడా కనిపించలేదు. కనిపించకూడదనే కదా ఆమె అలా పంపేది. ఏడు సెకన్లు. మద్రాసు అందినట్టు జవాబిచ్చింది.

అప్పుడు ప్రింటర్ కదిలింది. పంపిన ప్రతి పేజీ దానంతటదే కాగితం మీద అచ్చయ్యేలా డేవిడ్ రాజు ఎప్పుడో ఏర్పాటు చేశాడు. కాగితం మీద నలుపు దాగదు. అహల్య తల తిప్పి చదివింది. ఎనభై అయిదు.

"వెనక్కి తీసుకో."

"వెళ్ళింది వెనక్కి రాదు."

ఆమె ఇంకోసారి కాగితం వైపు చూసింది. పాండురంగారావుకి ఆ క్షణం చాలింది. బల్ల మీద అందిన సిస్టమ్ మాన్యువల్ ఎత్తి మణికట్టు మీద కొట్టాడు. మూడు కేజీల పుస్తకం. పిస్టల్ గోడకి తగిలి పేలింది. సున్నం రాలింది, అంతే. కాఫీ ఫ్లాస్కుతో ఆంజనేయులు వచ్చేసరికి అహల్య కుర్చీలో ఉంది, చేతులు ప్రింటర్ వైరుతో కట్టేసి ఉన్నాయి. కొత్త ప్రోగ్రామర్ ఆడమనిషిని అలా కట్టెయ్యడం ఏ రిజిస్టర్లో రాయాలో అతనికి తోచలేదు.

శనివారం తెల్లవారి ట్రాలర్ దొరికింది. సర్వే నౌకలో నలభై ఇద్దరూ క్షేమం. చలపతి ఫోన్‌లో అభినందించాడు. పాండురంగారావు ఒక్కటే అడిగాడు, ఉత్తరం ఆమెకి ఎందుకిచ్చారని.

"ఇచ్చి చూస్తేనే కదా తెలిసేది."

"తెలిసిందాండీ?"

"పాము కాటు అన్నది అలాగే ఉండనీ. వాళ్ళావిడకి నువ్వే వెళ్ళి చెప్పు" అని చలపతి లైను కట్ చేశాడు.

ముసునూరులో డేవిడ్ రాజు భార్య ఇన్నమ్మ ప్రాథమిక పాఠశాల టీచరు. వేసవి సెలవులు కదా, ఇంట్లోనే ఉంది. వసారాలో గడ్డి పరిచి మాగేసిన రసాల్లో పండినవాటిని ఏరుతోంది. ఆయన పోకముందు వేసిన కాయలంది. పాండురంగారావు కేంద్రం తరఫున వచ్చానని చెప్పి, నేర్చుకొచ్చిన మాటలు అప్పజెప్పాడు. ఆమె అడ్డు రాకుండా విన్నది.

"గాట్లు భుజం మీదున్నాయండీ. నిలబడిన మనిషిని పాము భుజం మీద కరుస్తుందా?"

చెట్టు కింద పడుకుని ఉంటారని అన్నాడు. ఆయన పగలు నిద్రపోరండీ అంది ఇన్నమ్మ. చేతిలో పండుని గడ్డిలో మళ్ళీ పెట్టేసింది.

"హైదరాబాదుకి ఉత్తరం రాశారు. నాలుగుసార్లు చింపి మళ్ళీ రాశారు, తప్పుల్లేకుండా. అదైనా ఎవరైనా చదివారంటారా?"

"చదివారండీ."

"అయితే సరేనండీ" అంది. అతను తల ఎత్తలేకపోయాడు.

సోమవారం అతను సామాను సర్దుకుంటుంటే ఆంజనేయులు మొహమాటపడుతూ ఫిర్యాదుల రిజిస్టర్ తెచ్చాడు. బొంబాయి నుంచి ఒకటి వచ్చిందట. శుక్రవారం పేజీ నాలుగు నిమిషాలు ఆలస్యమైందని. ప్రోగ్రామర్ కారణం రాసి సంతకం పెడితే గానీ కొత్తవాణ్ణి పంపరన్నాడు. జరిగిన దాని గురించి ప్రభుత్వ కాగితాల్లో మిగలబోయేది ఆ ఒక్క లైనే. పాండురంగారావు పెన్ను తీశాడు, ఆంజనేయులుదే.

"పరీక్షించకుండా మార్పు చేశాను" అని రాసి, వెంకట రమణ అని సంతకం పెట్టాడు. ఆంజనేయులు చదివి సంతోషించాడు. ఈ ఆఫీసులో తప్పు ఒప్పుకుని సంతకం పెట్టినవాణ్ణి చూడడం ఇదే మొదటిసారన్నాడు.